మూత తీసిన గిన్నె

ఇల్లు, వంటింటి బల్ల దగ్గర నుంచి
వేసవి చివర

అక్కా,

నువ్వు ఆ కొండెక్కి కూర్చున్నాక నీతో మాట్లాడాలంటే ఇలా కాగితం ముందేసుకోవాల్సి వస్తోంది. క్వారీలో రాళ్ళు పగలగొట్టడానికి అన్నేసి మిషన్లు తెచ్చుకున్నారు గానీ, ఫోను టవరు ఒక్కటి నిలబెట్టడం ఎవరికీ చేతకాలేదా? సర్లే. వారానికోసారి జీపు వస్తుందన్నావు కాబట్టి కబుర్లన్నీ ఇందులోనే కుక్కుతున్నాను.

ముందు గొప్ప వార్త. మా ఇంట్లో అందరూ ఆకుకూరలు తింటున్నారు. తింటున్న సంగతి ఒక్కరికీ తెలియదు!

మా వాళ్ళ సంగతి నీకు తెలుసుగా. మీ మరిదికి పళ్ళెంలో పచ్చగా ఏది కనిపించినా ఆకలి చచ్చిపోతుంది. బుడ్డది అచ్చం తండ్రి పోలిక. కొత్తిమీర రెబ్బ తగిలినా వేలితో తీసి గోడకి అంటిస్తుంది. ఇప్పుడు మామయ్యగారు వచ్చాక వాళ్ళిద్దరికీ నాయకుడు దొరికాడు. గుండెలో కవాటం మార్చాక కొన్నాళ్ళు పెద్ద బావగారింట్లో ఉన్నారు కదా, ఇక మా దగ్గరే ఉంటారు. వచ్చిన రోజే పాలకూర వేయించి పెడితే పళ్ళెం వెనక్కి నెట్టి, "నేను బస్సు నడిపానమ్మాయ్, మేకల్ని తోలలేదు" అన్నారు. తాతా తండ్రీ మనవరాలూ ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను. మర్నాటి నుంచి నువ్వు నేర్పిన విద్య బయటికి తీశాను. పాలకూర ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, జల్లెడ పట్టి టమాటా సూపులో కలిపేశాను. మామయ్యగారు ఇంకో గిన్నె అడిగి మరీ తాగారు. మర్నాడు పక్కింటావిడతో, "మా కోడలి సూపు తాగితే మందులషాపు వాడు కొట్టు మూసుకోవాలి" అంటున్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోట నా వంటకి ఒక మంచి మాట రావడం ఇదే మొదలు. కళ్ళజోళ్ళ దుకాణంలో ఆ రోజంతా ఈల వేసుకుంటూ పనిచేశాను. మా యజమాని నన్ను అదోలా చూశాడు.

బుడ్డదాన్ని బడికి తీసుకెళ్ళి తీసుకురావడం కూడా ఆయనే పెట్టుకున్నారు. బడి గంట కొట్టకముందే గేటు దగ్గర నిలబడి ఉంటారు. బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదట. రోజూ చెబుతారు, మేమూ రోజూ వింటాం.

సూపు ఒక్కటే అయితే అనుమానం వస్తుంది. ఇంకేమైనా ఉపాయాలుంటే రాయి.

నీ
పిచ్చుక


క్వారీ క్యాంపు, వంటశాల
వెనక గది

పిచ్చుకా,

శభాష్! చిన్నప్పుడు నువ్వు ఆకు కనిపిస్తే నోరు కుట్టేసుకునేదానివి. నిన్ను ఎలా పెంచానో నాకు తెలుసు. నువ్వు లొట్టలేసుకుంటూ తిన్న గుడ్డట్టులో ఏముందో పెద్దయ్యాక చెబితే నాతో రోజంతా మాట్లాడలేదు. ఆ పిల్ల ఇప్పుడు నా శిష్యురాలు.

ఇక్కడ నేను వండిపెట్టే జనం మీ వాళ్ళ కంటే మొండి. మీసాల మేస్త్రీ అని ఒకాయన ఉన్నాడు. "నేను పుట్టాక ఆకు ముట్టలేదు, చూడండి ఎలా ఉన్నానో" అని అందరికీ కండలు చూపిస్తాడు. ఆ కండల్లో సగం నా ముల్లంగి ఆకే. నాకు లోపల్లోపల ఎంత నవ్వొస్తుందో.

ఉపాయాలు రాస్తున్నాను, చదువు. పచ్చరంగు పోవాలంటే ఎర్రగా మాడీ మాడకుండా వేయించిన ఉల్లిపాయ ముద్ద కలపాలి. కైమా ఉండల్లో లేత ఆకు సన్నగా తరిగి వేస్తే చచ్చినా కనిపెట్టలేరు. కాడలు మాత్రం తీసెయ్యి, పంటికి తగిలి పట్టిస్తాయి. చాక్లెట్ కేకులో కూడా పడుతుంది, బుడ్డదానికి అది చెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు తింటున్నప్పుడు మొహంకేసి చూడకు. చూశావంటే దొరికిపోతావు.

మామయ్యగారి ఆరోగ్యం ఎలా ఉంది? గుండె జబ్బు మనిషి కదా, ఉప్పు తగ్గించు.

అక్క


ఇల్లు
వానలు మొదలయ్యాక

అక్కా,

కైమా ఉండలు బ్రహ్మాండంగా కుదిరాయి. కేకు కూడా. ఇప్పుడు ఆకు లేని పూట మా ఇంట్లో లేదనుకో.

ఇంట్లో మాత్రం మనసేం బాగాలేదు. మామయ్యగారు రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. అది సరిగ్గా పనిచేస్తోందా లేదా అని ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తుంటారు. పెద్ద బావగారింట్లో ఉన్నన్నాళ్ళూ గీత గీసినట్టు ఉండేదట. ఇక్కడికి వచ్చాక అసలు మాత్రే వేసుకోనట్టు వస్తోంది. ఇలాగే ఉంటే కవాటం దగ్గర గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. తిండి గురించి కూడా ఏదో అడిగాడు, ఎప్పటిలాగే తింటున్నారని చెప్పాం. మాత్ర మోతాదు పెంచాడు.

మీ మరిదికి మాత్రం ఒకటే అనుమానం, నాన్న మాత్రలు మర్చిపోతున్నాడని. "నేను మర్చిపోవడమేంటిరా" అని ఆయన మొదట కేకలేశారు. రెండోసారీ రక్తం అలాగే వచ్చేసరికి కేకలు తగ్గాయి. ఇప్పుడు పొద్దున్నే మాత్ర వేసుకుని నా ముందుకొచ్చి నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తున్నారు, బుడ్డది పళ్ళు తోముకున్నాక చూపించినట్టు. "వేసుకున్నానమ్మాయ్, చూశావుగా. రేపు నేను మర్చిపోయినా నువ్వు సాక్షి" అంటారు. ఎటు చూడాలో తెలియక స్టవ్వు తుడుస్తూ నిలబడుతున్నాను.

బుడ్డదాన్ని బడి నుంచి తీసుకొచ్చే పని కూడా ఆయన దగ్గర్నుంచి తీసేశారు. "మాత్రే గుర్తులేని మనిషి పిల్లని రోడ్డు మీద మర్చిపోతే?" అన్నారు మీ మరిది. ఆయన వినపడనట్టు ఉన్నారు గానీ విన్నారు. బడి వదిలే వేళకి చెప్పులేసుకుని గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ విప్పేసి లోపలికి వెళ్ళిపోతున్నారు.

ఇంకేం రాయను. కేకులో పిండి కొంచెం గట్టిపడుతోంది, ఏం చెయ్యాలి?

పిచ్చుక


క్వారీ క్యాంపు, వంటశాల

పిచ్చుకా,

కేకు సంగతి తర్వాత.

డాక్టరు తిండి గురించి "ఏదో" అడిగాడని రాశావు. నీకు ఉప్పు ఎంత వేశావో గుర్తుంటుంది, దుకాణానికొచ్చిన వాళ్ళ ముక్కు కొలత గుర్తుంటుంది. డాక్టరు అడిగిన మాట మాత్రం "ఏదో" అయిపోయిందా? ఆయన ఏం అడిగాడు? ఎవరు జవాబు చెప్పారు?

నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు మాటలు తగ్గిస్తావు. నీ కిందటి ఉత్తరంలో సూపు అన్న మాటే లేదు.

జవాబు రాయి.

అక్క


కళ్ళజోళ్ళ దుకాణం
భోజనాల వేళ

అక్కా,

ఇంట్లో కూర్చుని ఇది రాయలేకపోయాను. అందరూ తిండికి వెళ్ళారు, అద్దాల మధ్య ఒక్కదాన్నే ఉన్నాను. ఎటు తిరిగినా నా మొహమే కనిపిస్తోంది.

డాక్టరు అడిగింది ఇదీ: "ఆకుకూరలు ఈమధ్య ఎక్కువగా తింటున్నారా? అవి ఈ మాత్రని పనిచెయ్యనివ్వవు." ఆపరేషన్ అప్పుడే చెప్పారట, ఆకుకూరల విషయంలో ఒక్కసారిగా ఏ మార్పూ చెయ్యొద్దని. నేను ముట్టను కాబట్టి ఆ గొడవే లేదని మామయ్యగారు అప్పుడే కొట్టిపారేశారు. ఆ మాట మా ఇంటిదాకా రానేలేదు. ఇది నిజంగా నిజం అక్కా. అంతవరకూ నాకు తెలియదు.

ఆ తర్వాత సంగతే చెప్పుకోలేనిది. డాక్టరు అడగ్గానే మామయ్యగారు పెద్దగా నవ్వి, "ఆకులా? కావాలంటే మా కోడల్ని అడగండి. వండేది ఆవిడే" అని నా వైపు తిరిగారు. ఎంత నమ్మకంగా తిరిగారో! పక్కన మీ మరిది ఉన్నారు. బుడ్డది నా కొంగు పట్టుకుని ఉంది. డాక్టరు పెన్ను పట్టుకుని నాకేసి చూస్తున్నాడు.

"లేదండీ" అన్నాను.

ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. మనసు ఇంకా ఆలోచిస్తూనే ఉంది, నోరు అనేసింది. నా సూపు గురించి ఆయన ఊరంతా చెప్పుకుంటున్నారు కదా, అది పోతుందనుకున్నానేమో. ఇన్నాళ్ళూ వీళ్ళని వెర్రివాళ్ళని చేసి ఆడించిందని మీ మరిది అంటారని భయపడ్డానేమో. ఒకసారి లేదన్నాక రెండోసారి అవునని ఎలా అనాలి? ఆ తర్వాత మోతాదు పెంచారు, బడి పని తీసేశారు, ఆయన నోరు తెరిచి చూపించడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటి జరిగినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఆ నోట్లోకి చూస్తూ కూడా చెప్పలేదంటే నేనెంత దాన్నో చూడు. నామీద నాకే అసహ్యం వేస్తోంది.

అయినా కంగారుపడకు. దారి నేనే వెతికాను. నీ ఉత్తరం రాకముందే ఆకు మొత్తం మానేశాను. సూపులో లేదు, ఉండల్లో లేదు, దేంట్లోనూ లేదు. ఇక మాత్ర మామూలుగా పనిచేస్తుంది, రక్తం సరిగ్గా వస్తుంది, బడి పని మళ్ళీ ఆయనకి ఇప్పిస్తాను. ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను.

పిచ్చుక


క్వారీ క్యాంపు

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి నేరుగా మా క్యాంపు నర్సమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ తల పట్టుకుంది. ఆకు తింటున్నప్పటి రక్తం చూసి మాత్ర పెంచారు. ఇప్పుడు నువ్వు ఆకు తీసేశావు. పెంచిన మాత్ర మాత్రం అలాగే పడుతోంది. రక్తం నీళ్ళలా అయిపోతుందట. ఎక్కడ కారినా ఆగదట. తలలో కారితే మనిషి దక్కడట.

నువ్వు వెతికిన దారి మొదటిదాని కంటే ప్రమాదం. ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఇప్పుడే. చెప్పేసెయ్. ముందు ఆయనకి చెప్పు, తర్వాత మిగతా వాళ్ళకి.

వానకి దారి మీద బండలు పడ్డాయి, జీపు దిగడం లేదు. ఆఫీసు వైర్‌లెస్ మూగబోయింది. టపా మనిషి నడిచి దిగుతున్నాడు, ఇది అతని చేతిలో పెడుతున్నాను. త్వరగా వెళ్ళమని కాళ్ళావేళ్ళా పడ్డాను.

అక్క


ఆసుపత్రి, వరండా బెంచీ

అక్కా,

నీ ఉత్తరం పక్కింటావిడ ఇక్కడికి తెచ్చి ఇచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. బతికే ఉన్నారు, ముందు అది చెప్పాలి. బతికే ఉన్నారు.

పొద్దున గడ్డం గీసుకుంటుంటే చిన్న గాటు పడింది. తువ్వాలు అద్దుకుని పేపరు చదువుతూ కూర్చున్నారు. కాసేపటికి బుడ్డది వచ్చి, "అమ్మా, తాత చొక్కా ఎర్రగా అయింది" అంది. వెళ్ళి చూస్తే తువ్వాలు తడిసిపోయి ఉంది. తర్వాత ముక్కులోంచి మొదలైంది. బుడ్డదాన్ని కూడా వెంటబెట్టుకుని, ఆటోలో ఆయన తల నా భుజం మీద పెట్టుకుని తీసుకొచ్చాం. "నీ బట్టలు పాడవుతాయమ్మాయ్" అని పక్కకి జరగబోయారు.

రక్తపరీక్ష చూసి డాక్టరు నిర్ఘాంతపోయాడు. అసలు పనిచెయ్యని మాత్ర ఇప్పుడు హద్దు దాటి పనిచేస్తోందన్నాడు. "వేసుకున్నది మర్చిపోయి మళ్ళీ వేసుకున్నారా?" అని అడిగాడు.

మీ మరిది మంచం మీదకి వంగి, "నాన్నా, నిజం చెప్పు. రెండుసార్లు వేసుకున్నావా?" అన్నారు.

మామయ్యగారు ముక్కులో దూది సర్దుకున్నారు. అక్కా, ఆయన జీవితంలో తప్పు ఒప్పుకున్న మనిషి కాదు. "వేసుకున్నానేమోరా" అన్నారు. "నాకు గుర్తుండట్లేదేమో. మీరంతా అంటున్నారుగా. నన్ను పిల్ల దగ్గరికి పంపకపోవడమే మంచిదైంది."

ఇక ఉండలేకపోయాను.

"ఆయన మర్చిపోలేదు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. నేనే ఆకుకూర రుబ్బి అన్నిట్లో కలిపాను. డాక్టరుగారు అడిగితే లేదన్నాను. తర్వాత ఎవరికీ చెప్పకుండా మానేశాను" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, ఏడుపులో నాకే సరిగ్గా వినపడలేదు. డాక్టరు తిట్టాడు, నర్సుల ముందే. తిట్టాలి. మీ మరిది నా పక్కనుంచి లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు.

మామయ్యగారు నాకేసి చూడలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట" అన్నారు. "విన్నావురా? నేను మర్చిపోలేదు."

ఆయన మొహంలో ఎంత సంతోషమో! తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. ఆ సంతోషం చూశాక ఎక్కడికి పోవాలో తెలియక ఇలా వరండాలోకి వచ్చేశాను. ఇన్నాళ్ళూ ఆయనకి మతి పోతోందని ఆయన్నే నమ్మించాను అక్కా. పాలకూర కంటే అది ఎక్కువ మింగించాను.

రక్తం ఆగింది. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంచుతారట.

పిచ్చుక


క్వారీ క్యాంపు, వంటశాల

పిచ్చుకా,

బండలు తీశారు, జీపు తిరుగుతోంది. నీ ఉత్తరం వంటశాల మెట్ల మీద కూర్చుని చదివాను. ఆయన బతికారు, అది చాలు.

నిన్ను తిట్టడానికి నాకు మొహం లేదు. వాళ్ళు తింటున్నప్పుడు మొహంకేసి చూడకని నీకు నేర్పింది నేను. అదేదో పెద్ద తెలివి అనుకుని నేర్పాను. ఇక్కడ ఎంతమంది ఏ మాత్రలు వేసుకుంటున్నారో ఏనాడైనా అడిగానా?

నిన్న భోజనాల వేళ గరిటె పట్టుకుని అందరి ముందూ నిలబడి చెప్పేశాను, ఏ గిన్నెలో ఏముందో, ఎన్నాళ్ళ నుంచి ఉందో. కొందరు నవ్వారు. ఒకాయన, "బాగానే ఉందిగా, చెప్పి పెడితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు. మీసాల మేస్త్రీ మాత్రం పళ్ళెం బల్ల మీద పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు తన గదిలో బిస్కట్లు తిని బతుకుతున్నాడు. ఇదివరకు అతని కండలు చూసి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఎదురుపడితే నేనే తల దించుకుని పక్కనుంచి పోతున్నాను.

నిన్ను ఊరడించే మాట ఏదైనా రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. ఇంటికెళ్ళాక గిన్నెల మూతలు తీసి ఉంచు. అంతవరకే తోచింది.

అక్క


ఇల్లు, వంటింటి బల్ల దగ్గర నుంచి
చలి మొదలయ్యాక

అక్కా,

చాలా రోజులు రాయలేదు. రాయడానికి కూర్చుంటే నా మొదటి ఉత్తరం గుర్తొచ్చేది, ఆ గొప్ప వార్త. తల కొట్టేసినట్టయ్యేది.

మామయ్యగారు కోలుకున్నారు. బుడ్డదాన్ని బడికి మళ్ళీ ఆయనే తీసుకెళ్తున్నారు. మీ మరిదే తండ్రి చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నారు. మొన్న మాత్రం, "నాన్నని నేను అన్న మాటలు ఎలా వెనక్కి తీసుకోవాలి?" అని అడిగారు. అది నన్ను తిట్టడం కాదు, నిజంగానే అడిగారు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆకు తిన్నా ఫర్వాలేదు, మానేసినా ఫర్వాలేదు, ఏది చేసినా రోజూ ఒకేలా ఉండాలన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక మామయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "నాకు వద్దమ్మాయ్. వెయ్యాలనుకుంటే వాళ్ళకి చెప్పి వెయ్యి" అన్నారు. అంతే.

ఇప్పుడు నేను వండేటప్పుడు స్టూలు వేసుకుని ఇక్కడే కూర్చుంటున్నారు. నువ్వు చెప్పినట్టు మూతలన్నీ తీసే ఉంచుతున్నాను. అయినా లేచి వచ్చి ఒక్కో గిన్నెలోకీ వంగి చూస్తారు. "ఇందులో ఏం వేశావు?" అంటారు. ఉల్లిపాయ, టమాటా, మిరియాలు, ఉప్పు అని అప్పజెబుతాను. ఆయన తల ఊపి వెళ్ళి కూర్చుంటారు. కోపం ఉండదు ఆ గొంతులో. బస్సు తీసేముందు టైర్లు చూసుకునేవాడినని చెబుతుంటారు కదా, అలాగే చూసుకుంటారు. సూపు బాగుందని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నేనూ ఎదురుచూడడం మానేశాను.

బుడ్డదే ఎక్కువ బెంగ పెట్టింది. ఆసుపత్రిలో నేను చెప్పిందంతా అది విందిగా. ఆ తర్వాత నేనేం పెట్టినా స్పూనుతో విడదీసి విడదీసి చూసేది. ఒక రోజు పాలగ్లాసు వెలుతురులో పెట్టి చూసింది. "ఏమీ లేదమ్మా, ఒట్టి పాలు" అంటే, "అప్పుడు కూడా లేదన్నావుగా" అంది. దానికి కోపమేమీ లేదు, గుర్తుంచుకుంది, అంతే. పిల్ల బాగా చిక్కిపోయింది.

ఈ రోజు మధ్యాహ్నం సూపు చేశాను. ఒట్టి టమాటా సూపు. మామయ్యగారు ఎప్పటిలాగే గిన్నెలోకి చూశారు, వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నారు. బుడ్డది స్పూను ముంచి, పైకి తీసి, చాలాసేపు చూసింది. నాకేసి చూడలేదు. తాత వైపు తిరిగింది.

"తాతా, ఇందులో ఏముంది?"

"టమాటా, ఉల్లిపాయ, మిరియాలు. ఇంకేం లేదు."

"నిజంగా?"

"నేను దగ్గరుండి చూశానమ్మా. తాగు."

తాగింది. గిన్నె పైకెత్తి అడుగుదాకా తాగింది. ఇంకా కావాలంది.

వండింది నేనే అక్కా. తాగింది ఆయన మాట మీద. నేను వడ్డిద్దామని లేచాను గానీ, మళ్ళీ ఆలోచించి గరిటె ఆయన చేతికిచ్చి పక్కకి జరిగాను.

పిచ్చుక